క్యారియర్ పట్టని సైకిలూ ఒక సైకిలేనా?

ముందే చెప్పేస్తున్నా. ఇది సైకిలు వెనక చక్రానికి డిస్కు బ్రేకు ఎక్కడ బిగించాలి అన్న విషయం మీద. "ఓస్ ఇంతేనా, దీనికి కూడా ఇంత గోలా?" అనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపెయ్యొచ్చు, నేనేం అనుకోను. కానీ సైకిలంటే ఆదివారం పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని ఫొటో దిగే వస్తువు మాత్రమే కాదు, దాని మీద బరువు వేసుకుని పొట్ట పోసుకునేవాళ్ళు కూడా ఉన్నారు అని నమ్మేవాళ్ళయితే చివరిదాకా చదవండి.

మాది చిల్లకల్లు. హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్ళే దారిలో టోల్ గేటు దగ్గర బండి ఆపి డబ్బులు కట్టి ఉంటారుగా, ఆ చిల్లకల్లే. జగ్గయ్యపేట ఒక పక్క, నందిగామ ఒక పక్క. 2022 దాకా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, ఆ ఏడు ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. జిల్లా పేరు మారింది గానీ నేల మారలేదు. పత్తీ మిరపా పండే చోట నల్లరేగడి నల్లరేగడే. వాన పడిందంటే ఆ మట్టి చక్రానికి పట్టుకుని, మడ్గార్డులో ఇరుక్కుని, బ్రేకు రబ్బర్లని మింగేసి, సైకిలుని మనమే భుజాన వేసుకుని నడిచే పరిస్థితి తెస్తుంది. ఇది మా వైపు పుట్టిన ఎవరికైనా కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

అందుకే ఒక మాట ఒప్పుకుని మొదలు పెడతాను. డిస్కు బ్రేకు మంచిదే. రిమ్ముని పట్టుకునే బ్రేకు తడిస్తే, అందులోనూ ఇనప రిమ్ము తడిస్తే, ఎంత నొక్కినా సైకిలు "ఆగుతాలే, తొందరేముంది" అన్నట్టు పోతూనే ఉంటుంది. డిస్కు ఇరుసు దగ్గర, బురదకి దూరంగా, ఎత్తులో ఉంటుంది. రిమ్ము వంకర పోయినా దానికి సంబంధం లేదు. కాబట్టి "డిస్కు ఎందుకు, మా తాత రాడ్ బ్రేకుతోనే నెట్టుకొచ్చాడు" అనే వాదన నాది కాదు. నా గొడవల్లా ఒక్కటే. డిస్కు పెట్టండి, కానీ పెట్టాల్సిన చోట పెట్టండి.

ఇప్పుడు ఆ చోటు ఏంటో చూద్దాం. సైకిలు వెనక భాగాన్ని ఎడమ పక్క నుంచి చూడండి. సీటు కింద నుంచి వెనక ఇరుసుకి ఏటవాలుగా ఒక సన్న గొట్టం దిగుతుంది. దాన్ని సీట్ స్టే అంటారు. పెడళ్ళ దగ్గర నుంచి ఇరుసు దాకా నేలకి దాదాపు సమాంతరంగా ఇంకో గొట్టం వెళ్తుంది. అది చైన్ స్టే. ఈ రెంటికీ, సీటు గొట్టానికీ మధ్య ఉండేదే వెనక త్రికోణం. గొలుసు కుడి పక్క ఉంటుంది కాబట్టి డిస్కు ఎడమ పక్కకి వస్తుంది. డిస్కుని పట్టుకునే పట్టకారు లాంటి దాన్ని కాలిపర్ అంటారు. దాన్ని బిగించడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి, సీట్ స్టేకి వెనక పక్క, అంటే త్రికోణానికి బయట. రెండోది, చైన్ స్టే పైన, త్రికోణానికి లోపల.

జగ్గయ్యపేటలో గానీ నందిగామలో గానీ సైకిల్ షాపుకెళ్ళి, తక్కువ ధరలో డిస్కు బ్రేకున్న "గేర్ సైకిల్" చూపించమనండి. అందులో చాలా వాటికి కాలిపర్ త్రికోణానికి బయటే వేలాడుతూ ఉంటుంది. సరిగ్గా క్యారియర్ కాలు దిగాల్సిన చోట. సరిగ్గా మడ్గార్డు కమ్మి బిగించాల్సిన చోట. ఆ ఒక్క వస్తువు అక్కడ కూర్చోవడం వల్ల ఆ సైకిలు బరువు మోసే సైకిలు కాకుండా పోయింది.

మా బాబాయి వరస ఆయన ఒకాయన ఇలాంటిదే ఒకటి కొన్నాడు. పాల క్యాను కట్టుకోవాలి, క్యారియర్ వెయ్యమన్నాడు. షాపతను "దీనికి క్యారియర్ రాదు బాబాయ్, ఇది స్పోర్ట్స్ మోడలు" అన్నాడు. ఆయన "నేనేమన్నా స్పోర్ట్స్ ఆడతానా అబ్బాయ్?" అన్నాడు. చివరికి ఏం చేశారో తెలుసా? క్యారియర్ ఎడమ కాలుని సుత్తితో కొట్టి బయటికి వంచి, మధ్యలో గొట్టం ముక్కా, నాలుగు వాషర్లూ పేర్చి, పొడుగు బోల్టు ఒకటి దూర్చి బిగించారు. దీన్ని మన దేశంలో "సెట్ చేయడం" అంటారు. ఇంజనీరింగ్ చదివిన పాపానికి నేను దీన్ని చూసి ఊరుకోలేకపోయాను.

కాస్త లెక్క వేద్దాం, పెద్ద లెక్కేం కాదు. క్యారియర్ మీద 50 కేజీలు వేశారనుకోండి. సగం ఎడమ కాలు మీదకి వస్తే 25 కేజీలు, అంటే సుమారు 250 న్యూటన్లు. కాలు ఫ్రేముకి ఆనుకుని ఉంటే ఈ బరువు బోల్టుని అడ్డంగా కోయడానికి చూస్తుంది. దానికి బోల్టు సులువుగా తట్టుకుంటుంది. కానీ కాలిపర్ని తప్పించడానికి కాలుని 30 మిల్లీమీటర్లు బయటికి జరిపారు కదా, ఇప్పుడదే బరువు బోల్టుని వంచుతుంది. 250 ని 0.03 తో గుణిస్తే 7.5 న్యూటన్ మీటర్లు. 5 మిల్లీమీటర్ల బోల్టుకి మర లోతు పోను మిగిలే మందం 4 మిల్లీమీటర్ల పైచిలుకు. బరువంతా ఆ ఒక్క బోల్టే మోస్తే దాని మీద ఒత్తిడి 1000 మెగాపాస్కల్స్ దాటుతుంది. 8.8 గ్రేడు అనే గట్టి బోల్టే 640 దగ్గర శాశ్వతంగా వంగడం మొదలు పెడుతుంది. మధ్యలో పెట్టిన గొట్టం ముక్క బిగుతుగా ఉంటే ఒత్తిడి కొంత తగ్గుతుంది, నిజమే. గోతిలో పడితే అంతకంత పెరుగుతుంది, అదీ నిజమే. మా డొంకల్లో గోతులకి కరువేం లేదు. ఒకరోజు బోల్టు విరిగి, కాలు జారి పుల్లల్లో పడితే, పాలు పోవడం ఒక్కటే కాదు, మనిషి కూడా పోవచ్చు.

"ఇది క్యారియర్ గొడవ, బ్రేకు గొడవ కాదుగా" అంటారేమో. సరే, బ్రేకు సంగతే చూద్దాం. అక్కడా నా వాదనే నిలబడుతుంది.

టైరు నేలని పట్టి ఆపే బలం, డిస్కుని కాలిపర్ పట్టి ఆపే బలం ఒకటి కాదు. 26 అంగుళాల చక్రానికి టైరుతో కలిపి వ్యాసార్ధం సుమారు 335 మిల్లీమీటర్లు. 160 మిల్లీమీటర్ల డిస్కు మీద ప్యాడు పట్టుకునే చోటు ఇరుసు నుంచి సుమారు 73 మిల్లీమీటర్లు. అంటే నాలుగున్నర రెట్ల తేడా. నేల దగ్గర 20 కేజీల బలంతో సైకిలు ఆగాలంటే, కాలిపర్ దగ్గర 90 కేజీల పైన బలం కావాలి. ఒక పెద్దమనిషి, భోజనం చేసి వచ్చి, ఆ కాలిపర్ని పట్టుకుని వేలాడినట్టు! ఈ బలాన్ని ఏ గొట్టం మోయాలి, ఏ దిక్కులో మోయాలి అన్నదే అసలు ప్రశ్న.

సైకిలు ముందుకి పోతున్నప్పుడు చక్రం పైభాగం ముందుకీ, వెనక భాగం పైకీ, ముందు భాగం కిందకీ తిరుగుతుంది. కాలిపర్ సీట్ స్టే వెనక ఉంటే, అంటే ఇరుసుకి పైన కాస్త వెనగ్గా ఉంటే, బ్రేకు పట్టగానే డిస్కు దాన్ని ముందుకీ కొంచెం పైకీ లాక్కుపోవాలని చూస్తుంది. ఆ 90 కేజీలు పడేది ఫ్రేములో అన్నిటికంటే సన్నగా ఉండే గొట్టం మీద, అదీ దాన్ని వంచే దిక్కులో. ప్రతి బలానికీ ఎదురు బలం ఉంటుందని తొమ్మిదో తరగతిలోనే చెప్పారు కదా. కాలిపర్ చక్రాన్ని వెనక్కీ, కొంచెం కిందకీ తోస్తుంది. చాలా గేర్ సైకిళ్ళలో ఇరుసు కూర్చునే గాడి నోరు ఎటుంది? కిందకే!

అదే కాలిపర్ చైన్ స్టే మీద, ఇరుసుకి ముందు వైపు పైన ఉందనుకోండి. అక్కడ డిస్కు ముందుకీ కిందకీ తిరుగుతుంది. కాలిపర్ని చైన్ స్టేలోకే అదుముతుంది. చైన్ స్టే సీట్ స్టే కంటే దిట్టమైన గొట్టం, పెడలు తొక్కే బలమంతా రోజూ మోసేది అదే. ఎదురు బలం చక్రాన్ని వెనక్కీ పైకీ తోస్తుంది. అంటే ఇరుసుని గాడిలోకి ఇంకా గట్టిగా కూర్చోబెడుతుంది. వెనక్కి తోసే భాగం రెండింట్లోనూ ఉంది, లేదనను. కిందకా పైకా అన్నదే తేడా. ఒకటి బ్రేకు పట్టినప్పుడల్లా చక్రాన్ని బయటికి రమ్మంటుంది, ఇంకోటి లోపలే ఉండమంటుంది.

వెనక చక్రం విషయంలో ఇదేమీ ప్రళయం కాదు. మనిషి బరువు ఇరుసుని గాడిలోకి నొక్కుతూనే ఉంటుంది, నట్లు బిగించి ఉంటే చక్రం ఊడదు. ముందు చక్రం కథ వేరు. ఫోర్కు కాలికి వెనక డిస్కు కాలిపర్ పెడితే, బ్రేకు బలం ఇరుసుని గాడిలోంచి కిందకి తోస్తుందని జేమ్స్ ఆనన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 2003లో లెక్కలతో సహా చూపించాడు. ఆయన వృత్తి వాతావరణ శాస్త్రం, సైకిళ్ళ తయారీ కాదు. మొదట్లో చాలామంది కొట్టిపారేశారు. తర్వాతర్వాత మంచి డిస్కు సైకిళ్ళన్నీ గాడి వదిలేసి, రంధ్రంలోంచి దూర్చి మర బిగించే లావాటి ఇరుసుకి మారిపోయాయి. నేను చెప్పేదేంటంటే, కాలిపర్ని ఎక్కడ పెట్టాలి అన్నది అందం చందం చూసి తేల్చే విషయం కాదు. బలం ఎటు పోతుందో చూసి తేల్చే విషయం.

ఇందులో నాకు నిజంగా ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. రేసు సైకిళ్ళని చూడండి. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం రోడ్డు రేసుల్లో డిస్కు బ్రేకుల్ని 2015లో పరీక్షగా అనుమతించింది, 2016లో పారిస్-రూబే రేసు తర్వాత ఆపేసింది, 2018 జూలై నుంచి పూర్తిగా ఒప్పుకుంది. షిమానో 2014లో తెచ్చిన ఫ్లాట్ మౌంట్ పద్ధతి ఇప్పుడు ఆ సైకిళ్ళకి మామూలైపోయింది. అందులో వెనక కాలిపర్ ఎక్కడుంటుంది? చైన్ స్టే మీద, త్రికోణం లోపల! లక్షలు పోసి కొనే సైకిలు, నీళ్ళ సీసా తప్ప ఏ బరువూ మొయ్యని సైకిలు, దానికేమో క్యారియర్ దారికి అడ్డం లేకుండా లోపల పెట్టారు. పాల క్యానూ, పచ్చిగడ్డి మోపూ, పాతిక కేజీల బియ్యం బస్తా, బడికెళ్ళే పిల్లా ఎక్కాల్సిన సైకిలుకేమో బయట తగిలించారు. కలవారికి లోపలా, లేనివారికి బయటా అన్నమాట. దీన్నేమంటారో మీరే చెప్పండి.

"పాత పద్ధతులు వేరు, డిస్కు కొత్త టెక్నాలజీ, అది ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది" అని ఒక మిత్రుడు వాదించాడు. అయ్యా, పాతవే చూద్దాం పదండి.

మన తాతల నల్ల సైకిలు గుర్తుందా? 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు. దాని వెనక బ్రేకు ఎక్కడుంటుంది? పెడళ్ళకి వెనగ్గా, చైన్ స్టేల దగ్గర, రిమ్ముని లోపలి వైపు నుంచి పట్టేలా. రాడ్లు హ్యాండిల్ నుంచి ఫ్రేము వెంబడి కిందకి దిగి అక్కడిదాకా వస్తాయి. అంత తంటాలు పడి అక్కడే పెట్టడం వల్ల మనకి ఒరిగిందేంటో చూడండి. వెనకంతా క్యారియర్‌కీ, స్టాండుకీ, మడ్గార్డుకీ ఖాళీ. ఆ క్యారియర్ మీద ఎంతమంది పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకి వెళ్ళారో లెక్కే లేదు.

వెనక్కి తొక్కితే ఆగే హబ్బు బ్రేకు, డ్రమ్ము బ్రేకు ఉన్న సైకిళ్ళు చూడండి. హబ్బు లోంచి ఒక ఇనప పట్టీ బయటికి వచ్చి ఫ్రేముకి బిగించి ఉంటుంది, బ్రేకు బలాన్ని ఫ్రేముకి అందించేది అదే. దాన్ని ఏ గొట్టానికి కడతారు? ఎడమ చైన్ స్టేకి. పోనీ మోటార్ సైకిలు చూడండి. వెనక డిస్కు ఉన్న బండిలో కాలిపర్ బలం పోయేది స్వింగార్మ్ మీదకి. స్వింగార్మ్ అంటే బండికి చైన్ స్టే లాంటిదే. అంటే బరువులు మొయ్యడం తెలిసినవాళ్ళు చేసిన వాహనాలన్నిట్లోనూ వెనక బ్రేకు బలం కింది చేతి మీదే పడుతోంది. ఈ చవక డిస్కు సైకిలుకే పై గొట్టం గుర్తొచ్చింది.

మరి ఎందుకిలా చేశారు? నాకు అర్థమైనంతలో కారణం బద్ధకం. మొదట్లో కొండదారి సైకిళ్ళకి డిస్కులు వచ్చినప్పుడు సీట్ స్టే వెనక చోటు విశాలంగా ఉంది. పెద్ద డిస్కు వేసినా తగలదు, చిన్న ఫ్రేములో ఇరుకు సమస్య రాదు, స్పానరు సులువుగా దూరుతుంది. కొండ దిగడానికి ఆ సైకిలు కొన్నవాడికి క్యారియర్ అక్కర్లేదు కాబట్టి అడ్డమన్న మాటే రాలేదు. వాడి అవసరానికి అది సరైనదే. ఆ బొమ్మనే మన దగ్గరికి తెచ్చి, రంగు మార్చి, స్టిక్కరు మార్చి అమ్ముతున్నారు. మా ఊళ్ళో కొండ లేదు, దిగేదీ లేదు. బరువు ఉంది, మోసేది ఉంది. మేము సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే చేస్తాం, కాదనను. ఎవడో ఇంకో దేశంలో ఇంకో అవసరానికి రాసిన కోడు తెచ్చి అతికించి, "యూజర్‌కి ఇది అలవాటవుతుందిలే" అంటాం. కాకపోతే మా కోడు విరిగితే పుల్లల్లో పడదు.

లోపల పెడితే ఇబ్బందుల్లేవా అంటే, ఉన్నాయి. త్రికోణం లోపల చోటు ఇరుకు. 180, 203 మిల్లీమీటర్ల పెద్ద డిస్కులు చైన్ స్టేకి తగలొచ్చు. మా అవసరానికి 160 చాలు. బోల్టుకి కీ దూరడం కష్టం అంటారు. బోల్టు తల ఎటు తిరగాలో ఫ్రేము గీసేటప్పుడే ఆలోచిస్తే ఆ కష్టం ఉండదు. గొలుసు బిగించడానికి ఇరుసుని ముందుకీ వెనక్కీ జరిపే గేర్లు లేని సైకిళ్ళలో, ఇరుసు జరిగితే డిస్కు కూడా జరిగిపోయి ప్యాడు సరిగ్గా పట్టదు అంటారు. ఈ తిప్పలు బయట పెట్టినా తప్పవు. దానికి మందు కాలిపర్ని కూడా ఇరుసుతో పాటు జరిగే పలక మీద పెట్టడం, లేదా ఇరుసుని కదపకుండా పెడళ్ళ దగ్గరే గొలుసు బిగించే ఏర్పాటు చెయ్యడం. రెండూ ప్రపంచంలో ఎప్పటి నుంచో ఉన్నవే.

ఖర్చు? ఇనప ఫ్రేములో ఇరుసు కూర్చునే పలకని ఎలాగూ రేకులోంచి కత్తిరించి గొట్టాలకి వెల్డింగు చేస్తారు. కాలిపర్‌కి కావాల్సిన రెండు బెజ్జాలు, పాత పద్ధతిలో అయితే 51 మిల్లీమీటర్ల దూరంలో, ఆ పలకలోనే లోపలి వైపు పెట్టొచ్చు. పలక ఆకారం మారుతుంది, అచ్చు ఒకసారి మార్చాలి. అంతే. అవసరమైతే రెండు స్టేల మధ్య ఒక చిన్న అడ్డకమ్మి. అది కూడా భరించలేనంత ఖర్చయితే, హ్యాండిల్ నుంచి మడ్గార్డు దాకా అంటిస్తున్న స్టిక్కర్లు నాలుగు తగ్గించుకోండి.

కొందరు మిత్రులు "ఇప్పుడు ఊళ్ళలో కూడా అందరికీ బండ్లున్నాయి, సైకిలు మీద బరువులు ఎవడు మోస్తున్నాడు?" అంటారు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి, పైన సోలార్ పలకల కప్పు కూడా వేశారు. చాలా సంతోషం. అక్కడ తొక్కేవాళ్ళకి క్యారియర్ అక్కర్లేదు. కానీ ఆ కప్పు కింద నుంచి చూస్తే బరువులు మోసేవాళ్ళు కనపడరు. పొద్దున్నే పొలానికి పోయేవాడు, పెట్రోలు ధర చూసి బండి ఇంట్లో పెట్టి సైకిలు తీసేవాడు, చంకలో పుస్తకాల సంచీతో హైస్కూలుకి పోయే ఆడపిల్ల, వీళ్ళు ఇంకా ఉన్నారు. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం రోజున, అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది. పాత నల్ల సైకిళ్ళు తరిగిపోతున్నాయి. వాటి చోట వచ్చే సైకిలు ఆ పని చెయ్యలేకపోతే, సైకిలు మోజు పెరిగిందని మనం చంకలు గుద్దుకోవడం దేనికి?

కాబట్టి నేను అడిగేవి మూడే. తయారుచేసేవాళ్ళు వెనక కాలిపర్ని చైన్ స్టే మీద, త్రికోణం లోపల పెట్టాలి. కుదరదంటే, క్యారియర్ బిగించడానికి కాలిపర్‌కి తగలని చోట విడిగా మర బెజ్జాలు ఇవ్వాలి. అదీ కుదరదంటే ఆ సైకిలు మీద "ఇది బరువు మొయ్యదు" అని తెలుగులో, కనపడేంత అక్షరాలతో రాసి అమ్మాలి.

కొనేవాళ్ళకి ఒక్క మాట. షాపులో డిస్కు మెరుస్తోందా, గేర్లు ఎన్ని అని చూసే ముందు, సైకిలు ఎడమ పక్కకి వచ్చి కింద కూర్చోండి. కాలిపర్ గొట్టాల లోపలుందా బయటుందా చూడండి. బయటుంటే, "దీనికి క్యారియర్ వంచకుండా, వాషర్లు పెట్టకుండా బిగించి చూపించు" అని అడగండి. బిగిస్తే కొనండి. "సెట్ చేస్తాం" అంటే మాత్రం దండం పెట్టి బయటికి వచ్చెయ్యండి.